లిఫ్ట్ పనిచేయుట లేదు

ఆ అట్టముక్క మీద చేతిరాత నాదే.
సోమవారం ఉక్కుతాడు తడిమి చూస్తే
గ్లవ్ దాటి పీచు గుచ్చుకుంది. ఆపేశాను.
గ్లాస్గో ఉత్తరాన, ఇరవై అంతస్తుల ఈ టవరుకి
పద్దెనిమిదేళ్ళుగా మెకానిక్‌ని.
కొత్త తాడు రావడానికి వారం పైనే పడుతుంది.

మా ఊళ్ళో ఈ మాట ఒక్క జీతానికి నాలుగు పనులు చేస్తుంది.
నాలుగో అంతస్తు కోర్మక్
షాపులో రెండు విస్కీ సీసాలు లిఫ్ట్ చేశాడు;
తెల్లారేసరికి పోలీసులు కోర్మక్‌ని లిఫ్ట్ చేశారు.
"ఎత్తినవాణ్ణి ఎత్తుకెళ్ళారు సరే,
నన్ను పైకెత్తేదెవరు, నువ్వా?" అంది వాళ్ళమ్మ
మోకాళ్ళు పట్టుకుని, మూడో మలుపులో కూలబడి.
శుభ్రంగానే ఉన్న స్పానర్‌ని మళ్ళీ తుడిచాను.

మంగళవారం వాన. మేరీహిల్ రోడ్డు మీద
రెండు సంచులతో సెంగా మెకిల్‌రేత్.
వ్యాను ఆపి లిఫ్ట్ ఇచ్చాను.
"అడ్డంగా పోవడానికైతే దొరుకుతుంది,
నిలువుగా పోవడానికే దొరకదు నీ దగ్గర" అని నవ్వింది.
పంతొమ్మిదో అంతస్తు దాకా సంచులు నేనే మోశాను.
లోపల కిటికీ పక్కన డూగల్డ్,
ఓడలకి రివెట్లు కొట్టీ కొట్టీ చెవులు పోయినవాడు,
నన్ను చూసి బొటనవేలు పైకెత్తాడు.

బుధవారం రాత్రి పోయాడు.

గురువారం నా అట్ట కింద ఇంకో కాగితం, వంకర అక్షరాలు:
లిఫ్ట్, శుక్రవారం ఉదయం పదింటికి.
ఆమె పుట్టిన వైపు
శవపేటికని గడపలోంచి లేపే ఘడియకి అదే పేరట.
నాకప్పుడు తెలీదు. ఎవరికీ తెలీదు.

శుక్రవారం పదింటికి కింద గుమ్మంలో చిన్న తిరనాళ్ళు.
తోపుడుబండిలో పసిపాపతో ఆరో అంతస్తు లువామ్,
బంగాళాదుంపల బస్తాతో ముసలి గిల్‌హూలీ,
కొత్త పరుపు నిలబెట్టుకుని ఇద్దరు స్టూడెంట్లు,
విడుదలై వచ్చిన కోర్మక్.
నన్ను చూసి చప్పట్లు కొట్టారు.
అంతలో నల్లకోటు మనిషి మెట్లు దిగొచ్చి
మోసేవాళ్ళు ఇద్దరే ఉన్నారన్నాడు.

పెట్టె ఆరడుగుల రెండంగుళాలు.
నా లిఫ్ట్ లోతు నాలుగున్నర. పనిచేసినా
నిలబెట్టి దించాల్సిందే. సెంగాతో అదే అన్నాను,
ఊరట అవుతుందనుకుని.
"యాభై ఏళ్ళు నిలబడే పనిచేశాడు.
ఇవాళైనా పడుకుని వెళ్ళనీ."

పరుపుని గోడకి ఆనించారు. పాప చేతులు మారింది.
మలుపు మలుపుకీ భుజాలు మార్చుకుంటూ
మూడువందల నాలుగు మెట్లు.
ముందువైపు కోర్మక్. తన భుజం ఎవరికీ ఇవ్వలేదు.
వాడి చెవి పెట్టెకి ఆనుకుని ఉంది,
లోపల ఎవరో ఏదో చెబుతున్నట్టు.
నాలుగో అంతస్తులో వాళ్ళమ్మ తలుపు తీసి నిలబడింది.
ఏమీ అనలేదు.

పై బుధవారం కొత్త తాడు బిగించాను.
మొదటగా ఎక్కింది సెంగా. పంతొమ్మిది వచ్చాక
ఇంకా పైకి, అంది. తాళాలు నా దగ్గరే కదా:
మోటారు గది, ఇనుపమెట్లు, ఆపైన డాబా.
గాలికి స్కార్ఫ్ పట్టుకుని, వేలు పైకి చూపించి
"మా నాన్నమ్మ దీన్ని లిఫ్ట్ అనేది" అంది.
దేన్ని?
ఆ వేలు చివర ఏ వస్తువూ లేదు.
ఓ మబ్బు, ఓ సముద్రపు పిట్ట, మిగతాదంతా అదే.
పాత మాటట. ఇప్పుడెవరూ వాడరట.
ఏదో పెద్ద మాట చెబుతుందనుకుని ఎదురుచూశాను.
అరచెయ్యి చాపి, "కారుతోంది, చూడు" అంది.

దిగేటప్పుడు మెట్లమీదే వెళ్తానంది.
టూల్‌బ్యాగుని లిఫ్ట్‌లో కూర్చోబెట్టి, అడుగు బటన్ నొక్కి,
ఆమె వెనకాలే దిగాను,
ప్రతి మలుపు దగ్గరా
ఆమె ఆగినంతసేపూ ఆగుతూ.